ఊరు మారినా వెంట వచ్చే చీటీ

పిల్లలూ,

మీ ఇంటికి బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు గుర్తుందా? నాన్నగారో అమ్మగారో ఆఫీసు నుంచి వచ్చి ఊరి పేరు చెబుతారు. మీరు వెంటనే పటంలో ఆ ఊరు ఎక్కడుందో వెతుకుతారు. ఆ తర్వాత అట్టపెట్టెలు, గోనె సంచులు, ప్లాస్టిక్ తాళ్లు. బడి నుంచి టీసీ, గ్యాస్ కనెక్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకం జాగ్రత్తగా ఒక సంచిలో పెట్టుకుంటాం. మరి మీ టీకాల కార్డు ఎక్కడుంది? మీకు పడని మందు పేరు రాసిన చీటీ ఏ పెట్టెలో పెట్టారు?

ఈ ప్రశ్నకు నేను కూడా జవాబు చెప్పలేకపోయిన రాత్రి ఒకటుంది. ఈ పాఠం అక్కడి నుంచే మొదలు పెడతాను.

1. పసుపు రంగు సిరప్

నేను తెలుగు టీచర్ని. మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగరీత్యా ఖరగ్‌పూర్, జోర్హాట్, పుణె చూశాను. జోర్హాట్ నుంచి పుణెకు వచ్చిన నాలుగో రోజు రాత్రి మా అబ్బాయికి జ్వరం బాగా పెరిగింది. గొంతు వాచి నీళ్లు కూడా మింగలేకపోతున్నాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఇంతకు ముందు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా?" అని డాక్టరు గారు అడిగారు.

"వచ్చాయి సార్. రెండేళ్ల కిందట, ఒళ్లంతా."

"ఏ మందు వాడితే?"

నాకు పేరు గుర్తు రాలేదు. "పసుపు రంగు సిరప్ సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. "పసుపు రంగు సిరప్‌లు మా మందుల గదిలోనే పది రకాలున్నాయమ్మా. చీటీ ఏదైనా ఉందా?" అన్నారు.

చీటీ ఉంది. నీలం ఫైల్లో ఉంది. ఆ ఫైలు అట్టపెట్టెలో, అట్టపెట్టె లారీలో, లారీ దారిలో ఎక్కడో ఉంది. డాక్టరు గారు ఏ మందు పడలేదో తెలియదు కాబట్టి మొదట రాయాలనుకున్న మందు రాయకుండా వేరే మందు ఇచ్చి, రాత్రంతా పిల్లవాణ్ణి అక్కడే ఉంచి చూశారు. వాడు కోలుకున్నాడు. తొమ్మిదో రోజున లారీ వచ్చింది. నీలం ఫైలు తెరిస్తే కాగితం చెమ్మ పట్టి సిరా పాకింది. 'అమాక్సి' అన్నంత వరకే కనబడింది. ఆ అక్షరాలు చూపిస్తే డాక్టరు గారు, "అమాక్సిసిల్లిన్ అయి ఉంటుంది. ఆ రాత్రి నేను ముందు రాయాలనుకున్నదీ అదే" అన్నారు.

నేను పిల్లలకు అక్షరాలు దిద్దించే టీచర్ని. నా కొడుకు విషయంలో రాసి ఉంచుకోవలసిన ఒక్క మాట నా దగ్గర లేకపోయింది. ఆ సిగ్గుతోనే ఆరోగ్య సమాచారం గురించి చదవడం మొదలు పెట్టాను. తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

2. సమాచారం కూడా మందే

రోగి ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టరు మొదట చేసే పని ప్రశ్నలు అడగడం. ఎన్నాళ్ల నుంచి? ఇంతకు ముందు వచ్చిందా? ఏ మందులు వాడుతున్నారు? ఏవి పడవు? ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా? ఈ జవాబులు సరిగ్గా ఉంటే వైద్యం సగం దారిలో పడినట్లే. జవాబులు లేకపోతే చేసిన పరీక్షే మళ్లీ చేయాలి, డబ్బు మళ్లీ కట్టాలి, రోజులు గడుస్తాయి.

ఈ సమాచారాన్ని రాయడానికి, దాచడానికి, అవసరమైన చోటికి చేర్చడానికి కంప్యూటర్లను, ఫోన్లను వాడటాన్ని ఆరోగ్య సమాచార సాంకేతికత అంటారు. పేరు పెద్దదే గాని పని మూడు మాటల్లో చెప్పవచ్చు: రాయాలి, దొరకాలి, దక్కాలి.

రాయాలి అంటే జరిగినది జరిగినట్లు నమోదు కావాలి. దొరకాలి అంటే ఊరు మారినా, ఆసుపత్రి మారినా ఆ నమోదు కనబడాలి. దక్కాలి అంటే దాని వల్ల వచ్చే మేలు ఫోను ఉన్నవాళ్లకే కాక అందరికీ అందాలి. మొదటి రెండు యంత్రాలు చేసిపెడతాయి. మూడోది మనుషులు పట్టించుకుంటేనే జరుగుతుంది.

3. పద్నాలుగు అంకెల కథ

మీలో చాలామంది ఇళ్లలో 'ఆభా' అనే మాట విని ఉంటారు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఆరోగ్య ఖాతా సంఖ్య ఇది. ఇందులో 14 అంకెలు ఉంటాయి. 2020 ఆగస్టు 15న ఈ పథకాన్ని ప్రకటించి, ముందుగా ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయత్నించి చూశారు. లడఖ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు, పుదుచ్చేరి, చండీగఢ్, దాద్రా నగర్ హవేలీ–దమన్ దీవ్ ఆ ఆరు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించారు. ఇది తీసుకోవడం ఎవరి ఇష్టం వారిది.

ఆయుష్మాన్ కార్డు వేరు, ఆభా వేరు. ఈ రెండింటినీ పెద్దవాళ్లు కూడా కలిపేస్తుంటారు. ఆయుష్మాన్ కార్డు 2018 సెప్టెంబరు 23న మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనకు సంబంధించినది. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు దాని ద్వారా అందుతుంది. ఆభా డబ్బు ఇవ్వదు. మీ ఆరోగ్య కాగితాలను ఒకదానికొకటి కలిపే దారం మాత్రమే.

దేశంలో అందరి చీటీలూ ఢిల్లీలో ఒకే పెద్ద కంప్యూటరులో ఉంటాయా అని మీరు అడగవచ్చు. ఉండవు. మన బడి గ్రంథాలయాన్ని తలచుకోండి. సూచిక చూస్తే ఫలానా పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలుస్తుంది. పుస్తకం మాత్రం బీరువాలోనే ఉంటుంది. ఆభా సంఖ్య కూడా అలాంటిదే. మీ రక్తపరీక్ష వివరాలు పరీక్ష చేసిన చోటే ఉంటాయి. కొత్త ఊళ్లోని డాక్టరుకు అవి కావాలంటే మీ ఇంటి పెద్దల ఫోనుకు ఒక అభ్యర్థన వస్తుంది. అడుగుతున్నది ఎవరు, ఏ కాగితాలు కావాలి, ఎందుకు, ఎప్పటి వరకు అనే వివరాలు అందులో ఉంటాయి. సరే అంటేనే కాగితాలు కదులుతాయి. వద్దంటే కదలవు. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. దీన్నే సమ్మతి అంటారు.

మరి ఆభా ఉండి ఉంటే ఆ రాత్రి నా కష్టం తీరేదా? నిజం చెప్పాలంటే తీరేది కాదు. జోర్హాట్‌లో మా అబ్బాయిని చూసిన చోట చీటీ పెన్నుతోనే రాశారు. కంప్యూటరులో ఎక్కించని మాటను ఏ సంఖ్యా తెచ్చిపెట్టలేదు. గ్రంథాలయంలో లేని పుస్తకానికి సూచిక ఏం చేస్తుంది? ఆ చీటీని ఫోనుతో ఒక ఫొటో తీసుకుని ఉంటే చాలు, పని జరిగేది. పెద్ద ఏర్పాట్లు పూర్తయ్యే వరకు చిన్న అలవాట్లే మనల్ని కాపాడతాయి.

4. షుగరు, చక్కెర జబ్బు, మధుమేహం

తెలుగు టీచర్ని కాబట్టి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మమ్మ 'చక్కెర జబ్బు' అనేది. మా నాన్నగారు 'షుగరు' అంటారు. పాఠ్యపుస్తకంలో 'మధుమేహం' అని ఉంటుంది. మనకు మూడూ ఒకటేనని తెలుసు. కంప్యూటరుకు తెలియదు. అది అక్షరాలను పోల్చి చూస్తుంది గనుక మూడు వేరు వేరు జబ్బులనుకుంటుంది. ఇక అస్సామీలో, బెంగాలీలో, మరాఠీలో రాస్తే ఎన్ని మాటలవుతాయో!

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు సంకేతాలు పెట్టింది. దాని పదో వర్గీకరణలో పెద్దల్లో ఎక్కువగా కనిపించే రెండో రకం మధుమేహానికి 'ఈ11' అని గుర్తు. డాక్టరు ఏ భాషలో మాట్లాడినా కంప్యూటరులో ఈ గుర్తు పడితే జోర్హాట్‌లో రాసినది పుణెలో అర్థమవుతుంది.

అయితే గుర్తులు యంత్రాల కోసం. మనిషికి మనిషి భాష కావాలి. "రోజుకు రెండు సార్లు, తిన్న తర్వాత" అనే మాట అమ్మమ్మకు తెలుగులోనే చెప్పాలి. రెండూ ఉంటేనే వైద్యం పూర్తవుతుంది.

5. బదిలీ ఉత్తర్వు లేని బదిలీలు

మనకు బదిలీ అయితే ఉత్తర్వు వస్తుంది, క్వార్టరు వస్తుంది, సామాన్ల ఖర్చు వస్తుంది. ఏ ఉత్తర్వూ లేకుండా ఊళ్లు మారేవాళ్లు మన దేశంలో ఎందరో ఉన్నారు. మా శ్రీకాకుళం నుంచే పనుల కోసం హైదరాబాదుకు, చెన్నైకి, ఇంకా దూరాలకు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పెట్టెల్లో ఫైళ్లు ఉండవు.

వాళ్లలో ఒకరికి క్షయ వచ్చిందనుకోండి. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందు వేసుకోవాలి. నెలా రెండు నెలల్లో దగ్గు తగ్గగానే నయమైందనిపిస్తుంది. అప్పుడు పని కోసం ఊరు మారి మందు ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రకంగా మారవచ్చు. ఇంట్లో ఇతరులకూ అంటవచ్చు.

ఇక్కడే 'నిక్షయ్' అనే పోర్టల్ పనికి వస్తుంది. 2012లో మొదలైంది. రోగి పేరు, మందు మొదలుపెట్టిన తేదీ, చికిత్స ఎంత వరకు వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. రోగి వేరే జిల్లాకు, వేరే రాష్ట్రానికి వెళితే అతని నమోదును కొత్త ఊరి ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేయవచ్చు. మీ టీసీ ఒక బడి నుంచి ఇంకో బడికి వెళ్లినట్లే! అక్కడి సిబ్బంది అతన్ని వెతికి మందు అందేలా చూస్తారు. పోషకాహారం కోసం ఇచ్చే డబ్బు కూడా ఈ నమోదును బట్టే బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి 1000 చేశారు.

పిల్లల టీకాలకు 'యూ-విన్' అనే ఏర్పాటు వచ్చింది. 2023లో కొన్ని జిల్లాల్లో ప్రయత్నంగా మొదలైంది. ఒక ఊళ్లో నమోదైన పాపకు తర్వాతి టీకా వేరే ఊళ్లో వేయించవచ్చు, ధ్రువపత్రం ఫోనులోనే తీసుకోవచ్చు. ఇటుక బట్టీల దగ్గర పుట్టిన పాపకూ, కంటోన్మెంటులో పుట్టిన పాపకూ ఒకే రకం నమోదు. ఇలాంటి చోట సాంకేతికత నాకు నిజంగా గొప్పగా అనిపిస్తుంది.

6. నది అవతలి డాక్టరు

జోర్హాట్ దగ్గర నిమాతి ఘాట్ అనే రేవు ఉంది. అక్కడ ఫెర్రీ ఎక్కి బ్రహ్మపుత్ర దాటితే మాజులి అనే పెద్ద నదీద్వీపం వస్తుంది. వానాకాలంలో నది పొంగితే ఫెర్రీలు ఆగిపోతాయి. అలాంటి రోజున అవతలి ఒడ్డున ఉన్న ముసలాయనకు చర్మవ్యాధి డాక్టరు కావాలంటే ఏం చేయాలి?

2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 'ఈ-సంజీవని'ని మొదలుపెట్టింది. ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది, రోగి తన ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళతాడు. అక్కడి ఆరోగ్య అధికారి రక్తపోటు చూసి, వివరాలు ఎక్కించి, తెర మీద దూరంలో ఉన్న డాక్టరుతో మాట్లాడిస్తారు. రెండోది, ఇంటి నుంచే ఫోనులో డాక్టరుతో మాట్లాడటం. కరోనా సమయంలో, 2020 ఏప్రిల్‌లో ఈ రెండో దారి తెరుచుకుంది.

ఈ రెండింటిలో పేదవారికి ఎక్కువ మేలు చేసేది ఏది? ఆలోచించండి. మొదటిదానిలో రోగికి సొంత ఫోను అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. పక్కన తెలిసిన మనిషి కూర్చుని ఉంటారు. యంత్రానికీ రోగికీ మధ్య ఒక మనిషి ఉన్నప్పుడే యంత్రం అందరికీ పనికొస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. తెర మీద నుంచి కడుపు నొక్కి చూడలేరు. గుండెనొప్పి వచ్చినవారు వీడియో కాల్ కోసం ఎదురు చూడకూడదు, 108కి ఫోను చేయాలి. ఆ 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తర్వాత ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. మన తెలుగు నేల మీద పుట్టిన సేవ అని గుర్తుంచుకోండి. దానికి స్మార్ట్‌ఫోను అక్కర్లేదు. మూడు అంకెలు నొక్కగలిగితే చాలు.

7. మూడు నిమిషాలు, మూడు వారాలు

ఇప్పుడు నేను ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్న పాఠం. ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. తాతల కాలంలో రైల్వే పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మా బడిలో ఆయాగా పనిచేసే అక్క అలాంటి కుటుంబం నుంచే వచ్చింది. తెలుగు చక్కగా మాట్లాడేది. చదవడం, రాయడం రాదు.

2021 మే నెల. 18 నుంచి 44 ఏళ్ల వారికి కరోనా టీకా మొదలైంది. ఆ వయసువారు ముందుగా 'కోవిన్'లో పేరు నమోదు చేసుకుని, సమయం ఎంచుకుని వెళ్లాలన్నది అప్పటి నియమం. నా నమోదు మూడు నిమిషాల్లో అయింది. కొన్ని రోజులు ప్రయత్నించి సమయమూ సంపాదించాను. టీకా వేయించుకుని వచ్చి స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను.

మూడు వారాల తర్వాత అక్క నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "అమ్మా, ఆ ఫోన్లో నా పేరు కూడా ఎక్కిస్తారా? ఎవరినడగాలో తెలీక ఊరుకున్నాను."

ఆమెది బటన్ల ఫోను. కోవిన్ తెర అప్పుడు ఇంగ్లీషులోనే ఉంది. రోజూ నా టేబులు తుడిచి, నీళ్లసీసా నింపి పెట్టే మనిషికి టీకా అందిందో లేదో నేను మూడు వారాలు అడగనే లేదు. ఒక ఫోను నంబరు మీద నలుగురి పేర్లు ఎక్కించవచ్చని ఆ రోజే చూశాను. నా నంబరు మీద ఇంకా ముగ్గురికి చోటు మొదటి నుంచీ ఉంది!

ఆ చోట్లలో అక్క, ఆమె భర్త, ఆమె చెల్లెలు చేరారు. దేశంలో అలాంటి అక్కలు ఎందరో ఉన్నారని సుప్రీంకోర్టు కూడా ఆ రోజుల్లో ప్రశ్నించింది. నేరుగా కేంద్రానికి వెళ్లి నమోదు చేయించుకునే వీలు తర్వాత వచ్చింది. జూన్‌లో కోవిన్ హిందీలో, తెలుగులో, మరికొన్ని భారతీయ భాషల్లో కూడా కనబడింది.

ఇది ఒక్క అక్క కథ కాదని అంకెలు చెబుతాయి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల పురుషుల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 57.1 శాతం. మహిళల్లో 33.3 శాతమే. తాము సొంతంగా వాడుకునే మొబైలు ఫోను ఉన్న మహిళలు దాదాపు 54 శాతం.

ఇక్కడ రెండు మాటల తేడా తెలుసుకోవాలి. అందరికీ ఒకే తలుపు తెరవడం సమానత. ఆ తలుపు దాకా రాలేనివారిని గుర్తించి, వారికి వీలైన దారి వేయడం సమన్యాయం. కోవిన్ తలుపు అందరికీ తెరిచే ఉంది. అక్క ఆ తలుపు దాకా రాలేకపోయింది.

8. యంత్రం కూడా తప్పు నేర్చుకుంటుంది

"కంప్యూటరుకు పక్షపాతం ఉండదు కదా టీచర్?" అని ఒక తరగతిలో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. రెండు ఉదాహరణలు చెబుతాను.

అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఎవరికి అదనపు శ్రద్ధ అవసరమో చెప్పే ఒక ప్రోగ్రామును వాడేవి. 2019లో శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించారు. ఆ ప్రోగ్రాము ఒక రోగికి గతంలో ఎంత ఖర్చయిందో చూసి, ఎక్కువ ఖర్చయితే ఎక్కువ జబ్బు అని లెక్క కట్టేది. నల్లజాతివారికి వైద్యం అందడమే తక్కువ కాబట్టి వారి మీద అయిన ఖర్చూ తక్కువ. అందువల్ల అంతే జబ్బు ఉన్నా యంత్రం వారిని ఆరోగ్యవంతులుగా చూపింది. ఆ తప్పు సరిదిద్దితే అదనపు శ్రద్ధ పొందేవారిలో నల్లజాతివారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. 'ఎంత జబ్బు?' అని అడగవలసిన చోట 'ఎంత ఖర్చు?' అని అడగడమే తప్పు.

రెండోది మీరు ఇంట్లో చూసినదే. వేలికి తొడిగే పల్స్ ఆక్సిమీటరు. అది వేలిలోకి వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంచనా వేస్తుంది. చర్మం రంగు ఆ వెలుతురును మారుస్తుంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, పరికరం బాగానే ఉందని చూపినా రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువని తేలిన సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. మన తరగతిలోనే ఎన్ని రంగుల చేతులున్నాయో చూడండి. అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

9. చెప్పకూడనిది, చెప్పవలసినది

ఆరోగ్య సమాచారం ఇంటి గుట్టు లాంటిది. డాక్టరుకు దాచకూడదు, ఊరంతా చెప్పకూడదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగినవాళ్లందరికీ చెప్పవద్దు. పక్క బెంచీ స్నేహితుడు రోజూ ఏ మాత్ర వేసుకుంటున్నాడో మీకు తెలిస్తే, ఆ విషయం మీతోనే ఉండాలి. వాట్సాప్ గుంపులో అది నవ్వులాట కాకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారిని పిల్లలుగా చూస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలంటుంది. కాబట్టి ఏ ఆరోగ్య యాప్ అయినా ఇంట్లో పెద్దలను అడిగాకే తెరవండి.

చెప్పవలసినది కూడా ఒకటుంది. బదిలీల వల్ల మీకు స్నేహితులు దూరమవుతారు, నిజమే. కానీ మీలో చాలామందికి మూడు నాలుగు భాషలు వచ్చు. మందుల దుకాణం ముందు చీటీ చదవలేక నిలబడిన తాతగారికి, ఆసుపత్రి కౌంటరు దగ్గర క్యూఆర్ కోడు చూసి బిత్తరపోయిన అమ్మమ్మగారికి మీ భాష, మీ ఫోను రెండూ ఉపయోగపడతాయి. అయితే వారి తరఫున మీరే నిర్ణయాలు తీసుకోవద్దు. చదివి వినిపించండి, వారు చెప్పినట్లు చేయండి.

మా ఇంట్లో ఇప్పుడు నీలం ఫైలు లారీలో ఎక్కదు. నా చేతిసంచిలో ఉంటుంది. దాని మొదటి పేజీలో మా అబ్బాయి తన చేతిరాతతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎర్ర సిరాతో ఒక మందు పేరు రాశాడు. ఆ పేజీ ఫొటో మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. తెలుగు అక్షరాల్లో 'మ్మ' ఒత్తు తప్పు పడింది. మందు పేరులో 'మా' చాలు కదా నాన్నా అన్నాను. దిద్దుకున్నాడు.

కొత్త పదాలు

నమోదు: పుస్తకంలో గాని కంప్యూటరులో గాని రాసి ఉంచడం
సమ్మతి: తెలిసి, ఇష్టపడి ఇచ్చే అనుమతి
సంకేతం: ఒక విషయానికి బదులుగా వాడే గుర్తు
క్షయ: టీబీ జబ్బు
ధ్రువపత్రం: ఒక విషయం నిజమని తెలిపే కాగితం
సమన్యాయం: ఎవరి అవసరానికి తగినట్లు వారికి అందేలా చూడటం
పక్షపాతం: ఒకరి వైపు మొగ్గు చూపడం
గుట్టు: బయటపెట్టకూడని విషయం

ఆలోచించి రాయండి

1. ఆభా సంఖ్యను రచయిత్రి గ్రంథాలయ సూచికతో ఎందుకు పోల్చారు? ఆభా ఉన్నా ఆ రాత్రి ఆమె కష్టం ఎందుకు తీరేది కాదు?
2. ఊరు మారే క్షయ రోగికి నిక్షయ్ ఎలా ఉపయోగపడుతుంది? దాన్ని మీ టీసీతో పోల్చి అయిదు వాక్యాలు రాయండి.
3. సమానతకూ సమన్యాయానికీ తేడా ఏమిటి? మీ బడి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
4. "తప్పు ప్రశ్న అడిగితే సరైన లెక్క కూడా తప్పు జవాబే ఇస్తుంది." ఎనిమిదో భాగం ఆధారంగా వివరించండి.
5. జ్వరానికి, కడుపునొప్పికి, జలుబుకు మీ ఇంట్లో, మీ అమ్మమ్మగారి ఊళ్లో, మీరు ఇప్పుడున్న ఊరి భాషలో ఏమంటారో పట్టిక తయారు చేయండి.

ప్రాజెక్టు పని

ఇంట్లో పెద్దలతో కూర్చుని 'మా ఇంటి ఆరోగ్య పేజీ' రాయండి. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, పడని మందులు, రోజూ వాడే మందులు, పెద్ద జబ్బులు లేదా ఆపరేషన్లు, చివరి టీకా తేదీ, అత్యవసరంలో పిలవవలసిన ఫోను నంబరు. ఈ ఎనిమిదీ ఉండాలి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ఫొటో పెద్దల ఫోనులో ఉంచండి. ఈ పేజీలను తరగతికి తేవద్దు, నాకు కూడా చూపించవద్దు. "రాశాం టీచర్" అని చెబితే చాలు, మార్కులు వేస్తాను.

ఆ తర్వాత, మీ ఇంటికి పనికి వచ్చే అక్కను, కాలనీ గేటు దగ్గర కూర్చునే అన్నను కూడా అడగండి. వారికి అలాంటి పేజీ కావాలంటే మీ పెన్ను ఇవ్వండి, రాయలేనంటే మీరే రాసి పెట్టండి.